ఎత్తిన మాట

దాలమ్మ పేరు మీద ఇంగ్లీషులో కాగితం రావడం ఆమె నలభై రెండేళ్ల బతుకులో అదే మొదలు. సాయంత్రం పని దిగి గేటు దాటుతుంటే టైమ్‌కీపర్ భీమారావు కిటికీలోంచి పిలిచాడు. రిజిస్టర్లో వేలిముద్ర వేయించుకుని గోధుమరంగు కవరు చేతిలో పెట్టాడు.

"ఏటిది భీమారావూ?"

"చదివించుకో. మూడు రోజుల్లో జవాబివ్వాలట." అతను ఆమె ముఖంకేసి చూడలేదు.

రాయపూర్ పక్కన భన్‌పురిలో ఇనుప చువ్వలు తీసే మిల్లు అది. మగవాళ్లు కొలిమి దగ్గర, రోలర్ల దగ్గర పని చేస్తారు. ఆడవాళ్లు చల్లారిన చువ్వలు కట్టలు కట్టి లారీలకు ఎక్కిస్తారు, తుక్కు మోస్తారు. ఆ ఊళ్లో ఆడకూలీని రేజా అంటారు. మిల్లులో రేజాలు ఇరవై ముగ్గురు. పదకొండేళ్లుగా దాలమ్మ అందులో ఒకతి.

గుఢియారీలో రైలు పట్టాల వెనక ఆమె ఇల్లు. కూతురు ఊర్మిళ హిందీ మీడియంలో పదో తరగతి చదువుతోంది. తల్లి కాళ్లు కడుక్కుని వచ్చేసరికి ఆ పిల్ల కాగితం ముందు పెట్టుకుని, నిఘంటువు తిరగేస్తోంది.

"అమ్మా, నువ్వేదో పైకి తీసుకొచ్చావని రాశారే."

"పైకా? ఏటి తీసుకొచ్చానట?"

"బ్రింగ్ అంటే లానా. అప్ అంటే ఊపర్. అతిథుల ముందు నువ్వు ఏదో పైకి తీసుకొచ్చావట. మళ్లీ కింద ఇంకోచోట కూడా అదే మాట ఉంది. నిన్ను ఎవరూ సరిగ్గా పైకి తీసుకురాలేదట."

దాలమ్మకు నవ్వొచ్చింది. "ఒలే, పదకొండేళ్లుగా నాను పైకి తెచ్చింది ఇనప సువ్వలే. లారీ మీదకి. అదేటి తప్పా?"

నవ్విందేగాని, కాగితం దేనికోసమో ఆమెకు అప్పటికే అర్థమైపోయింది.

వారం కింద మిల్లులో భద్రతా వారోత్సవం జరిపారు. షామియానా వేశారు, మైకు పెట్టారు. లేబర్ ఇన్‌స్పెక్టర్‌ను పిలిచి దండ వేశారు. రేజాలను కూడా ఎండలోంచి పిలిచి వెనక వరసలో కూర్చోబెట్టారు. కార్మికులు మాకు పిల్లల్లాంటివాళ్లని మేనేజరు చాలాసేపు మాట్లాడాడు. చివర్లో మర్యాదకోసం, "ఎవరికైనా చెప్పుకోవలసింది ఉందా?" అని అడిగాడు. అది అడిగినట్టు అడగడమే. ఎవరూ లేవరని ఆయనకు తెలుసు.

దాలమ్మ లేచింది.

అంతకుముందు నెల నుంచీ రేజాలు వాంతులతో చస్తున్నారు. ఎర్రగా కాలిన చువ్వలను చల్లార్చే తొట్టి పక్కనే ఒక పాత బావి ఉంది. తొట్టిలో నూనె తెట్టు కట్టిన నీళ్లు పొంగి నేలలో ఇంకేవి. ఆ బావి నీళ్లనే డ్రమ్ముల్లో నింపి రేజాలకు తాగడానికి పెట్టేవారు. ఆఫీసుకు మాత్రం మునిసిపాలిటీ ట్యాంకరు వచ్చేది. దాలమ్మ పక్కన కట్టలు కట్టే నాంచారమ్మ ఒక మధ్యాహ్నం కక్కుకుని కక్కుకుని చువ్వల మీదే పడిపోయింది. ఆస్పత్రిలో నాలుగు రోజులుండి, సగమైన మనిషిలా తిరిగొచ్చింది. మళ్లీ అదే డ్రమ్ము నీళ్లు.

దాలమ్మ ఛత్తీస్‌గఢీ కలిసిన హిందీలో, మైకు లేకుండానే, అందరికీ వినబడేలా అడిగింది. "సాబ్, పిల్లలమని చెప్పారు. మరి పిల్లలకి ఆ నీళ్లెందుకు పోస్తున్నారు? మీ ఆఫీసు కుండలోవి మాకెందుకు పొయ్యరు?"

ఇన్‌స్పెక్టరు మెడలో దండ సర్దుకుని, ఏ నీళ్లు అన్నట్టు మేనేజరు వైపు తిరిగాడు. మేనేజరు మైకు ఆపించి సభ ముగించేశాడు.

అదీ ఆమె పైకి తెచ్చింది.

*

పక్క సందులో సూర్యారావు ఉంటాడు. ఒక లారీ ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో ముప్పై ఏళ్లు ఇంగ్లీషు ఉత్తరాలు రాసి రిటైరైనవాడు. భార్య పోయాక ఒంటరిగా ఉంటూ, ఆదివారాలు ఊర్మిళకు ఇంగ్లీషు చెబుతాడు. దాలమ్మ ఆయన్ని బాబాయ్ అంటుంది. తల్లీకూతుళ్లు కాగితం పట్టుకుని వెళ్లేసరికి ఆయన గుమ్మంలో కూర్చుని బియ్యం ఏరుకుంటున్నాడు.

కళ్లజోడు పెట్టుకుని ఒకసారి చదివాడు. జోడు తీసి తుడుచుకుని మళ్లీ చదివాడు.

"పైకి తేవడం కాదే ఊర్మిళా. బ్రింగ్ వేరు, అప్ వేరు. రెండూ కలిస్తే తేవడమూ పోతుంది, పైకీ పోతుంది. మూడోదేదో పుడుతుంది. మన దగ్గర మాటెత్తడం అంటాం కదా? మాటని ఎవడైనా తట్టలో పెట్టి నెత్తికెత్తుకుంటాడా? ఇదీ అలాంటిదే. బ్రింగ్ అప్ అంటే నలుగురిలో ఒక సంగతి ఎత్తడం. అయిపోయిన పనైతే బ్రాట్ అప్. మీ అమ్మ నీళ్ల సంగతి బ్రాట్ అప్."

"మరి రెండోచోట?" అంది ఊర్మిళ.

ఆయన కాస్త తటపటాయించాడు. "అక్కడ అర్థం వేరు. బిడ్డని పెంచి పెద్ద చెయ్యడాన్ని కూడా ఆ మాటే అంటారు. ఈవిణ్ణి పెద్దలు సరిగ్గా పెంచలేదు, పెద్దవాళ్ల ముందు ఎలా మసలాలో నేర్పలేదు అని రాశారు."

దాలమ్మ అంతవరకూ గోడకానుకుని వింటోంది. నిటారుగా కూర్చుంది. "ఎవుల్ని? మా అమ్మనా?"

"పేరు పెట్టలేదులే."

"పేరెందుకు బాబాయ్, నన్ను పెంచింది మా అమ్మే కదా. ఇంకెవులున్నారు?"

ఆమె తల్లి బంగారమ్మ శ్రీకాకుళం నుంచి ఎనిమిదేళ్ల పిల్లను వెంటబెట్టుకుని రాయపూర్ వచ్చింది. బొగ్గు దించే కూలికి పోయేది. పిల్లల తల్లుల్ని మేస్త్రీ తిట్టే తిట్లు విని ఒకనాడు బొగ్గు తట్ట అతని కాళ్ల ముందు కుమ్మరించి, "తల దించుకుని పని సేత్తాం గానీ తల దించుకుని మాటాడం" అందట. పదిహేను రోజులు పని దొరకలేదు. ఆ పదిహేను రోజులూ జావ తాగి బతికారు. దాలమ్మకు ఆ జావ కంటే తల్లి ముఖమే బాగా గుర్తు.

"ఇంకేటైనా అర్థం ఉందా ఆ మాటకి?" అంది దాలమ్మ.

"ఉంది. కడుపులోది పైకి రావడం. కక్కుకోవడం."

ఊర్మిళ నోటికి చెయ్యడ్డం పెట్టుకుంది. దాలమ్మ నవ్వలేదు. "మూడూ ఒకే మాటా?"

"మూడూ ఒకే మాట."

"బ్రాట్టప్," అంది దాలమ్మ మెల్లిగా. నాలుక మీద పడటానికి ఇంకో రెండుసార్లు అనుకుంది.

సూర్యారావు అలమరలోంచి తెల్లకాగితం తీశాడు. మూడు రోజులే గడువు కాబట్టి ఈ పూటే జవాబు రాసేద్దామన్నాడు. ఆయన చెయ్యి ఆ రకం ఉత్తరాలకు అలవాటు పడింది. గబగబా పది వరసలు రాసి తెలుగులో చదివి వినిపించాడు. అజ్ఞానం చేత, చదువులేనితనం చేత అతిథుల ముందు ఆ సంగతి ఎత్తినందుకు మన్నించవలసిందని, ఇకముందు ఎత్తనని, దయతో ఉద్యోగంలో ఉంచవలసిందని.

"మాఫీనామా," అంది దాలమ్మ.

"అవునమ్మా. వేలిముద్ర వేసెయ్. ఆడపిల్ల చదువుకుంటోంది. నీళ్ల కోసం ఉద్యోగం పోగొట్టుకుంటావా?"

"నీళ్లు అబద్దమా బాబాయ్?"

"నిజమే."

"మరి ఎత్తినందుకు తప్పయిపోయిందని ఎలాగ రాత్తాను?"

సూర్యారావు కలం మూత పెట్టాడు, తీశాడు. "నేను రాశానమ్మా ఒకసారి. మా ఆఫీసులో. డ్రైవర్లని మూడేసి రోజులు నిద్ర లేకుండా తోలమంటున్నారని మీటింగులో అన్నాను. నీకొచ్చినట్టే కాగితం వచ్చింది. ఇదిగో, ఇలాంటిదే జవాబు నా చేత్తో నేనే రాసుకుని ఇచ్చాను. ఉద్యోగం నిలిచింది. ఆ తర్వాత పద్నాలుగేళ్లు అదే కుర్చీలో కూర్చున్నాను. ఒక్క మాట ఎత్తలేదు. ఎత్తాల్సినవి లేక కాదు." ఆయన కాగితం ఆమె ముందుకు జరిపాడు. "నీకు బాగుండాలనే చెబుతున్నాను. బుద్ధిగా బతకడం ఎలాగో నాకు తెలుసు."

ఆయన మీద దాలమ్మకు కోపం రాలేదు. అయినా కాగితం ఆయన వైపే జరిపింది.

"ఒక్క వరస రాసి పెట్టు బాబాయ్. నాను సెప్పేది నోటితోనే సెప్తాను, పిలిపించండి అని. అంతే."

ఆయన ఆమె ముఖంకేసి చూసి, ఇంకో కాగితం తీశాడు.

*

విచారణ తర్వాతి సోమవారం పెట్టారు. ఆఫీసు గదిలో ఫ్యాను కింద మేనేజరు, పక్కన విచారణ జరపడానికి నాగపూర్ నుంచి వచ్చిన నడివయసు వకీలు. మూల ఒక మనిషి టైపు మిషను ముందు కూర్చున్నాడు. కాగితాలన్నీ ఇంగ్లీషులోనే ఉండాలని వకీలు నియమం. దాలమ్మను కూర్చోమని ఎవరూ అనలేదు. నిలబడింది.

వకీలు హిందీలో మొదలుపెట్టబోయాడు. దాలమ్మ చెయ్యెత్తి, ఒక్క మాట వరకూ హిందీలో చెప్పింది.

"సాబ్, మీరు పంపిన కాగితం నాకు రాని భాషలో వచ్చింది. అది చదివించుకోడానికి నాను ఇంకొకరి గుమ్మం ఎక్కినాను. నాను సెప్పేది నా భాషలో సెప్తాను. మీరు చదివించుకోండి."

మేనేజరు బల్ల మీద చరిచాడు. "పదకొండేళ్లుగా హిందీలో తిడుతుంది సార్ ఈమె!" వకీలు మాత్రం విసుగు పడలేదు. మిల్లులో తెలుగు, ఇంగ్లీషు రెండూ వచ్చినవాళ్లు ఎవరున్నారని అడిగాడు. భీమారావును పిలిచారు. మెట్రిక్ ప్యాసైన విజయనగరంవాడు. మేనేజరు కళ్లలోకి చూసి, దాలమ్మ పక్కన కాకుండా బల్లకు అటువైపు నిలబడ్డాడు.

"అతిథుల ముందు నీళ్ల విషయం ఎత్తావా లేదా అని అడుగుతున్నారు," అన్నాడు.

"ఎత్తినాను. ఎత్తవలసిందే కాబట్టి ఎత్తినాను. మళ్లీ ఎత్తమన్నా ఎత్తుతాను."

భీమారావు వకీలు వైపు తిరిగి ఇంగ్లీషులో చెప్పడం మొదలుపెట్టాడు. దాలమ్మ చెవులు రిక్కించి వింది. ఆ మాటల్లో ఆమెకు తెలిసింది ఒక్కటే, అది రాలేదు. దాని బదులు ఆమెకు తెలిసిన మరో మాట వచ్చింది. సినిమా హాళ్ల దగ్గర, బస్సుల్లో, కాలు తొక్కినవాళ్లు అనే మాట.

టైపు మిషను టకటకలాడబోతుంటే దాలమ్మ గట్టిగా అంది. "ఆగు! భీమారావూ, నాను సారీ అన్నానేటి?"

టైపు చేసే మనిషి చేతులు ఆపేశాడు.

"నాను ఎత్తినానన్నాను, అంటే బ్రాట్టప్. నువ్వు ఆ మాట అనలేదు. సారీ అన్నావు. నాకు ఇంగ్లీసు రాదు గానీ సెవుడు లేదు."

వకీలుకు తెలుగు రాకపోయినా ఆ రెండు ఇంగ్లీషు మాటలూ అర్థమయ్యాయి. కలం కింద పెట్టి భీమారావు వైపు చూశాడు. "ఆమె అన్నదేమిటి? అన్నది అన్నట్టు చెప్పు. లేకపోతే ఇంకొకరిని పిలిపిస్తాను."

మేనేజరు గొంతు సవరించాడు. ఆ సవరింపు ఎందుకో భీమారావుకు తెలుసు. దాలమ్మ అతని కోసం ఆగింది. తిట్టలేదు, బతిమాలలేదు. నిలబడి చూస్తోంది, అంతే.

ఒక నిమిషం తర్వాత భీమారావు బల్ల చుట్టూ నడిచి ఆమె పక్కకు వచ్చి నిలబడ్డాడు. ఇంగ్లీషులో మూడు ముక్కల్లో చెప్పాడు. ఈసారి ఆ మాట వచ్చింది, రెండుసార్లు. టైపు మిషను దాన్ని కొట్టింది.

"ఇంక సెప్తాను, రాయించు," అంది దాలమ్మ. "ఆ మాటకి మూడర్థాలున్నాయట కదా వకీల్ సాబ్. ఒకటికి జవాబు సెప్పేసినాను. రెండోది కక్కడం. అది కూడా సేసినాను. పోయిన నెల రెండుసార్లు, మీ చువ్వల పక్కన. నాంచారమ్మ ఎన్నిసార్లో నాను లెక్కెట్టలేదు. మూడోది పెంచడం. నన్ను సరిగ్గా పెంచలేదని రాసినారు. మా అమ్మ బొగ్గు మోసి నన్ను పెంచింది. కళ్ల ముందు మనిషి పడిపోతుంటే నోరు మూసుకొమ్మని నేర్పలేదు. అది తప్పంటే ఆవిడ తప్పే. నా కూతుర్ని నాను కూడా అలగే పెంచుతున్నాను. ఆ తప్పు నాది. రేపు నా కూతురి పేరు మీద మీకు ఇంకో కాగితం పని పడుతుంది."

భీమారావు చెబుతున్నప్పుడు ఒకటి రెండు చోట్ల మాటకు తడుముకున్నాడు. దేన్నీ దాటెయ్యలేదు.

వకీలు చాలాసేపు రాసుకున్నాడు. తర్వాత, వాంతులనేది ఆమె నోటి మాటేనా, రుజువేమైనా ఉందా అని అడిగాడు. దాలమ్మ పెదవి విప్పేలోగా భీమారావే, తనను అడగకుండానే, హిందీలో అన్నాడు. "రుజువు నా గదిలో ఉంది సార్. పని మధ్యలో ఇంటికి వెళ్లినవాళ్ల పేర్లు నేను రాస్తాను. ఎందుకెళ్లారో కూడా రాస్తాను."

"తీసుకురా."

మేనేజరు లేచి కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు. భీమారావు రిజిస్టరు తెచ్చి ఫిబ్రవరి పేజీ తెరిచి పెట్టాడు. పదిహేడు పేర్లు, పదిహేడు చోట్లా ఒకటే కారణం. వకీలు ఆ పేజీ రెండుసార్లు తిప్పి చూసుకుని, రిజిస్టరు అక్కడే ఉంచమన్నాడు.

బయటికొచ్చాక భీమారావు వరండాలో బీడీ వెలిగించుకున్నాడు. "ఒక్క ముక్క వదల్లేదు అక్కా," అన్నాడు. అంతకుముందెప్పుడూ అతను ఆమెను అక్కా అని పిలవలేదు.

"ఇన్నాను," అంది దాలమ్మ.

*

తొమ్మిది రోజులకు తీర్పు వచ్చింది. ఉద్యోగం తియ్యలేదు. ఆ పాటికే బావి మీద రేకు మూత వేయించి, రేజాల షెడ్డు పక్కన కొత్త సిమెంటు తొట్టి కట్టించి, ట్యాంకరు నీళ్లు పోయించడం మొదలుపెట్టారు. ఎందుకు కట్టించారో ఎవరూ చెప్పలేదు. కాని దాలమ్మ లోపలికి రావాలంటే ఒక హామీ కాగితం మీద వేలిముద్ర వెయ్యాలి. ఇకపై బయటివాళ్ల ముందు ఏ విషయమూ ఎత్తనని.

గేటు దగ్గర భీమారావు సిరా డబ్బా పక్కన పెట్టుకుని ఆ కాగితం చదివి చెప్పాడు. "ఆ మాటే ఉంది ఇందులో. వెయ్యొద్దని నేను చెప్పలేను. వెయ్యమనీ చెప్పను."

"వెయ్యను," అంది దాలమ్మ. గేటు ఎదురుగా ఉన్న చాయ్ బడ్డీ బల్ల మీద కూర్చుంది.

ఆ రోజంతా అక్కడే కూర్చుంది. మర్నాడూ పొద్దున్న ఎనిమిదింటికల్లా పనికి వచ్చినట్టే వచ్చి కూర్చుంది. ఇంట్లో బియ్యం అడుగంటాయి. సూర్యారావు తన బియ్యం డబ్బా తెచ్చి ఊర్మిళ చేతికిచ్చి పోయాడు. కూతురు రెండో రోజు సాయంత్రం, "వేసేస్తే ఏమవుతుందమ్మా, వేశాక కూడా మాట్లాడొచ్చుగా," అని అడిగింది.

"మాటాడొచ్చు. కానీ ప్రతిసారీ నా వేలు నన్నే అబద్దాలకోరంటాది," అంది తల్లి.

మూడో రోజు పొద్దున్న నాంచారమ్మ గేటు దగ్గర ఆగిపోయింది. ఇంకా పూర్తిగా కోలుకోలేదు, గొంతు పీలగా వచ్చింది. కిటికీలోకి వంగి, "భీమారావు బాబూ, ఆ కాగితం ఇంకొకటి టైపు సేయించు. నా పేరు మీద," అంది.

"నీకెందుకు?"

"నీళ్ల మాట నానూ ఎత్తినాను. ఆవిడ నిలబడి ఎత్తింది, నాను పడిపోయి ఎత్తినాను. అందరి ముందే కదా పడిపోయింది. నా పేరూ రాయండి."

ఆమె వెనక ఉన్న ఛత్తీస్‌గఢీ రేజా హిందీలో తనకూ ఒకటి కావాలంది. ఆ వెనకామె తనకూ అంది. ఎవరూ అరవలేదు. ఒక్కొక్కతే కిటికీ దగ్గర ఆగి, పేరు చెప్పి, కాగితం అడిగి, అడ్డంగా నిలబడిపోయింది. లోపల రెండు లారీలు చువ్వలకోసం ఎదురుచూస్తున్నాయి. ఇరవై ఇద్దరి పేర్లు భీమారావు ఒక చీటీ మీద శ్రద్ధగా రాసుకుని మేనేజరు గదికి పట్టుకెళ్లాడు. ఇన్ని టైపు చెయ్యడానికి రెండు రోజులు పడుతుంది సార్ అన్నాడట, ఏమీ ఎరగనట్టు.

అరగంట పట్టింది. తర్వాత అతను ఒక్కడే వచ్చి, గేటు రెండో రెక్క కూడా తెరిచాడు.

"కాగితం అక్కర్లేదంట. పద అక్కా. కానీ నీకు చువ్వల దగ్గర పని లేదు. తుక్కు యార్డుకి మార్చారు."

తుక్కు యార్డు మిల్లులో అన్నిటికంటే కానిచోటు. పైన కప్పు లేదు, పక్కన గోడ నీడ కూడా పడదు. వంగిన రేకులూ విరిగిన పెళ్ళలూ తాకితే చెయ్యి కోసుకుపోతుంది. అది శిక్షేనని అందరికీ తెలుసు. దాలమ్మ చీర కుచ్చెళ్లు పైకి దోపుకుని, ఆ రెండు రెక్కల మధ్యలోంచి నడిచి లోపలికి వెళ్లింది. తుక్కు యార్డుకు పోయి తట్ట అందుకుంది.

ఏప్రిల్ ఎండ. పదకొండు గంటలకే ఇనుము పట్టుకోవడానికి వీల్లేకుండా కాలింది. అక్కడ ఆమెతో పాటు ముగ్గురు ముసలి ఆడవాళ్లున్నారు, ఏళ్ల తరబడి అక్కడే. మధ్యాహ్నం అన్నం తినడానికి ఒక పాత బాయిలరు రేకు కింద, తలలు మాత్రం నీడలో పెట్టుకుని కూర్చున్నారు.

"ఇక్కడ షెడ్డు ఎయ్యమని ఎవులూ అడగలేదా?" అంది దాలమ్మ హిందీలో.

వాళ్లు ముఖముఖాలు చూసుకున్నారు. నీడ కూడా అడగవచ్చన్న సంగతి వాళ్లకు కొత్తగా ఉన్నట్టుంది.

దాలమ్మ టిఫిన్ డబ్బా మూత పెట్టి, చెయ్యి కడుక్కుని, ఆఫీసు వైపు నడిచింది.